గోరు రంగు

మా బచేలి ఇనుప గని క్వార్టర్లలో నన్ను ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నారో అడిగితే ఇప్పటికీ చెప్పగలను. ఎవరి వరండాలో అన్నారో, అన్నాక పక్కనున్నవాళ్ళలో ఎవరు నవ్వారో కూడా చెప్పగలను. మా ఆయనకు ఇవేవీ గుర్తుండవు. గని నుంచి వస్తారు, స్నానం చేస్తారు, తింటారు, పడుకుంటారు. ఇంట్లో ఒకరైనా గుర్తుపెట్టుకోవాలి కదా అని ఆ పని నేను చేస్తున్నాను.

గోళ్ళ సామాను విషయంలో పడ్డ మాటలు మరీ బాగా గుర్తున్నాయి. అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఇంట్లో పని తగ్గింది. విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంట్లో కొన్నాళ్ళు ఉండి నెయిల్ ఆర్ట్ నేర్చుకున్నాను. వెంట్రుకంత కుంచెతో గోటి మీద మల్లెమొగ్గ వేయడం, చుక్కలు పెట్టే పుల్లతో ముగ్గు వేయడం, జెల్ రంగు పూసి ల్యాంపు కింద గట్టిపరచడం. నా చెయ్యి వణకదని నేర్పిన అమ్మాయి మెచ్చుకుంది. గోళ్ళ సామానంతా ఒక పెట్టెలో కొనుక్కుని, తిరిగి వచ్చేటప్పుడు రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. రంగు సీసాలు, చిన్న డబ్బాలు, రాళ్ళు, స్టిక్కర్లు, గోరు నున్నగా చేసే అరగదీత బద్దలు, ఒక పెద్ద ల్యాంపు, వేలి మీదికి వంచి పట్టుకునే టార్చి లాంటి చిన్న ల్యాంపు. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా పెట్టె మూత మీద చెయ్యి వేసేదాన్ని.

ఇది హిందీ రాష్ట్రమైనా క్వార్టర్లలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్ళు. మా ఆయనా అటువాడే. నేను భద్రాచలం పక్క చర్ల దగ్గరి దాన్ని, నోరు తెరిస్తే ‘ఏంది’ అంటాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు ‘ఏందమ్మ గారు’ అని పేరు పెట్టారు. అది మరిచిపోదామనుకునే లోపలే నెయిల్ ఆర్ట్ మొదలుపెట్టాను. లేడీస్ క్లబ్ వాళ్ళు మేళా పెడితే నేనూ ఒక బల్ల అడిగాను. నా బల్ల జనరేటర్ వెనక వేయించారు.

“మీ రంగులు కాస్త వాసనొస్తాయి కదండీ, తినేవాటికి దూరంగా ఉంటే మంచిదని,” అంది సెక్రటరీ మేడమ్.

డీజిల్ పొగలో సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎదురింటావిడ మాత్రం చేతిలో మిర్చిబజ్జీతో వచ్చింది.

“వదినా, పొద్దున్న లేస్తే ఎర్రదుమ్ము తుడవడానికే చేతులు సరిపోవట్లేదు. మా గోళ్ళకి పువ్వులేటండీ. తుడుపుగుడ్డకి వెయ్యండి, అదైనా అందంగా ఉంటాది.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరో నాకు తెలుసు. ఆ తర్వాత పెళ్ళి కుదిరిన ఒక అమ్మాయి నా దగ్గరే వేయించుకుంటానని చెప్పి, జగదల్‌పూర్‌లో పార్లర్‌కి వెళ్ళి వేయించుకుంది. వేయించుకున్నాక ఆ గోళ్ళు నాకే చూపించి, ఇవి ఊడకుండా ఉండాలంటే ఏం చేయాలి ఆంటీ అని అడిగింది. చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ అనుకుంటాను. పెట్టె మంచం కిందికి పోయింది.

ఆ రోజుల్లో నా ఫిర్యాదు మనుషుల మీదే కాదు, పశువుల మీద కూడా ఉండేది. మా వీధి చివర పెద్ద రోడ్డు మలుపు తిరుగుతుంది. వానాకాలం వస్తే మట్టి నేలంతా చిత్తడి, దోమలు. తారు రోడ్డు మీద పొడిగా, వెచ్చగా ఉంటుందని పశువులన్నీ సాయంత్రానికి ఆ మలుపులోకి చేరి పడుకుంటాయి. ఖనిజం మోసే టిప్పర్లు వచ్చే దారి అదే. ఎవరో ఒకరు పట్టించుకోవాలని దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా చదివి, “గాయ్‌కి నోటీసు పంపమంటారా మేడమ్?” అని హిందీలో అడిగాడు. ఆ మనిషి బదిలీ అయి వెళ్ళిపోయాడు గానీ ఆ ముఖం నాకు గుర్తుంది.

మాకు పాలు పోసే మనిషి కొండ కింద పల్లె నుంచి వస్తుంది. ఆమె ఇంట్లో మాట్లాడేది ఈ పల్లెల భాష, హల్బీ. నాతో హిందీలో మాట్లాడుతుంది. ఆమెది హల్బీ కలిసిన హిందీ, నాది ఏంది కలిసిన హిందీ. అయినా పాల గిన్నె దగ్గర మాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కిందటి వానాకాలం ఆమె మంచి పాడి ఆవును ఆ మలుపులోనే టిప్పర్ గుద్దేసింది. మిగిలింది ఒక ముసలి ఆవు, చనిపోయినదాని పెయ్య. ముసలిది వట్టిపోతోంది. ఎర్రటి ఆ పెయ్య ఎదిగి ఎర్రావైంది, మొదటిసారి చూలు కట్టింది. అది ఈనితేనే ఆమె ఇంట్లో మళ్ళీ పాడి. కాని తల్లి వెంట తిరిగి నేర్చుకున్నదో ఏమో, అది కూడా సాయంత్రమైతే ఆ మలుపులోకే పోయి, తల్లి పడుకున్నచోటే పడుకునేది. కట్టేస్తే పలుపు తెంపుకునేది. కొమ్ములకు రేడియం టేపు చుట్టింది పాలామె. వానకు తడిసి, చెట్టుకు రాసుకుని ఆ టేపు ఊడిపోయింది.

వానలు పడడం మొదలైన కొత్తలో ఒక సాయంత్రం, చెమ్మకు పాడవుతున్నాయేమోనని పెట్టె బయటికి లాగి, సామానంతా వరండాలో పరిచాను. పనికిరానివి పారేద్దామని. నమూనా గోళ్ళు పుల్లలకు అతికించి విసనకర్రలా చేసినది ఒకటి గోడకు ఆనించి పెట్టాను. అప్పుడే పాలామె వచ్చింది. ఆమె వెనకే మా ఆయన బండి గేటులోకి తిరిగింది. బండి లైటు విసనకర్ర మీద పడగానే అందులో కొన్ని గోళ్ళు తెల్లగా భగ్గుమన్నాయి. వాటికి పూసిన జెల్ పగటిపూట చూస్తే బూడిద రంగులో ఉంటుంది. దీపం ఎదురుగా పడితే మాత్రం అలా మెరుస్తుంది. పెళ్ళిళ్ళలో ఫోటోలకు బాగుంటుందని కొన్నాను.

పాలామె చేతిలోని పాల కాన్ కింద పెట్టేసింది.

“దీదీ, ఏమిటది?”

ఎప్పుడూ ఎవరూ అంత శ్రద్ధగా అడగలేదు. కంగారులో నాకు హిందీ మాట అందలేదు. “ఇదా? గోరు కా రంగ్,” అన్నాను.

“గోరుకా? నిజంగా?”

“నిజంగానే. గోరు కోసమే చేసిన రంగు.”

“నీళ్ళు పడితే పోతుందా?”

“పోదు. అంట్లు తోమినా పోదు.”

ఆమె ఆ మాట అర్థం కానట్టు చూసి, మళ్ళీ అడిగింది. “మరి రేపు పొద్దున్న తీసుకురానా? వేస్తావా?”

కోడల్నో కూతుర్నో అనుకున్నాను. “తీసుకురా. ఊరికే వేస్తాను,” అన్నాను.

పొద్దున్నే తలస్నానం చేసి, వరండాలో బల్ల వేసి, దాని మీద తెల్ల తువ్వాలు పరిచాను. చేతులు నానబెట్టడానికి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టాను. గేటు చప్పుడైతే చూశాను. పాలామె ఎర్రావును పట్టుకుని నిలబడి ఉంది. దాని కొమ్ములు బూడిదతో తోమి శుభ్రంగా కడిగి ఉన్నాయి.

ఎదురింటావిడ ఆ సమయానికి తన గేటు దగ్గర లేకపోతే ఆశ్చర్యపోవాలి. ఉంది.

“వదినా, బోణీ బాగుందండీ,” అంది.

నాకు మేళా, జనరేటర్, మిర్చిబజ్జీ అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. ఈ పాలామె కూడా వాళ్ళతో కలిసిందనుకున్నాను. నా సామాను ఆవుకు తగినదని చెప్పడానికి ఆవునే తోలుకొచ్చిందనుకున్నాను.

“నన్ను ఆట పట్టిస్తున్నవా?” అని తెలుగులోనే అరిచి తలుపు వేసుకున్నాను. ఆమె పాల కాన్ గట్టు మీద పెట్టి, ఆవును తోలుకుని వెళ్ళిపోయింది. మరుసటి రోజు నుంచి పాలు వద్దని మా ఆయనతో చెప్పించి, దుకాణంలో ప్యాకెట్ పాలు తెచ్చుకున్నాను. వాటితో టీ బాగుండేది కాదు. ఆ లెక్క కూడా ఆమె ఖాతాలోనే వేశాను.

ఆ ఆదివారం సంతలో బోడా పుట్టగొడుగులు ఏరుకుంటున్నాను. వానల మొదట్లో సాల చెట్ల కింద వచ్చేవి, ఇక్కడ వాటి కోసం అందరం ఎగబడతాం. వెనక నుంచి ఒక ఆవు వచ్చి పక్క బుట్టలో ఆకుకూరలోకి మూతి పెట్టింది. ఆకుకూరల ఆమె కర్ర తీసి, “గోరు, గోరు, తోలండి,” అని కేకలేసింది. ఆ మాట విని నా చెయ్యి పుట్టగొడుగుల మీదే ఆగిపోయింది.

“గోరు అంటే ఏంది?” అని అడిగాను.

“అదే,” అంది ఆవును చూపించి. “గాయ్, గోరు. పశువులు.”

నా వేలు చాపి గోరు చూపించాను. “మరి ఇది?”

“నాఖూన్,” అంది, నాకు మతి చెడిందేమోనన్నట్టు చూస్తూ.

ఇన్నేళ్ళుగా ఈ సంతలో తిరుగుతున్నాను, ఆ మాట చెవిన పడే ఉంటుంది. పాలామె నన్ను ఏమీ అనలేదు. పశువులకు వేసే రంగు అని నేను చెప్పాను, ఆమె పశువును తెచ్చింది. నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, హాయి. నా కోపంలో తప్పేమీ లేదు, గేటు ముందు ఆవును చూస్తే ఎవరికైనా వస్తుంది. కాని నన్ను వెక్కిరించినవాళ్ళలో ఒక మనిషి తగ్గింది. అలా తగ్గడం నా జీవితంలో ఎక్కువసార్లు జరగలేదు.

ఇంటికి వచ్చి పెట్టె తీశాను.

“ఏటే, ఎక్కడికి?” అన్నారు మా ఆయన.

“ఆవుకి రంగేయడానికి.”

ఆయన బండి తాళం తీసుకున్నారు.

పాలామె ఇంటి ముందు కూర్చుని కొత్త పలుపు పేనుతోంది. పాతది మళ్ళీ తెగిందట. నన్ను చూసి లేచి పీట వేసింది. ఎందుకు తలుపు వేశావని అడగలేదు. నేనే నా గోరు చూపించి చెప్పాను.

“మా భాషలో గోరు అంటే ఇది. నువ్వనుకున్నది కాదు.”

ఆమె నా వేలిని చూసింది, ఎర్రావును చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, “ఆరోజు లైటు పడగానే అది మెరిసింది దీదీ. దీని తల్లి మీద అలా మెరిసేది ఏమైనా ఉంటే బండివాడు చూసేవాడు కదా అనిపించింది,” అంది. “మనుషుల రంగైతే కొమ్ముకు అంటదా?”

నాకు తెలియదు. నేర్చుకున్నచోట కొమ్ముల గురించి ఎవరూ చెప్పలేదు. ఆవు దగ్గరికి వెళ్ళి కొమ్మును నా గోటితో మీటాను. గోటి మీద గోటితో కొట్టినట్టే వినిపించింది. “చూద్దాం,” అన్నాను.

మనిషి గోటికి ఒక అరగదీత బద్ద చాలాకాలం వస్తుంది. ఆ కొమ్ములకు నా దగ్గరున్నవి దాదాపు అన్నీ అరిగిపోయాయి. చర్మానికి దగ్గరగా ఉన్న మొదలు వదిలేసి, పైభాగమంతా గరుకు చేశాను. జిడ్డు పోయే నీళ్ళతో తుడిచి, అడుగు పూత వేశాను. పెద్ద ల్యాంపులో వేళ్ళు పడతాయి గాని కొమ్ము పట్టదు. చిన్న ల్యాంపు బయటికి తీసి, ఫోన్ ఛార్జ్ చేసే బ్యాటరీకి తగిలించి మా ఆయన చేతికిచ్చాను. ఆయన ఒక చేత్తో ల్యాంపు, ఇంకో చేత్తో చినుకులు పడకుండా గొడుగు పట్టుకున్నారు.

“కుడి కొమ్ముకి పువ్వులేస్తావేటి?”

“మాట్లాడకుండా పట్టుకోండి.”

“అది కాదే, ఆడపిల్ల కదా, తొలిచూలు. ముచ్చటగా ఉంటాదని.”

పాలామెకు తెలుగు రాదు గాని ఆ గొంతు అర్థమైనట్టుంది, ఆవు ముఖం పక్కకు తిరిగి నవ్వుకుంది. ఆమె గడ్డి పరకలు ఒక్కొక్కటే అందిస్తూ ఉంటే ఆవు నములుతూ నిలబడింది. నములుతున్నప్పుడు కొమ్ము ఊగుతుంది. ఊగే కొమ్ము మీద బూడిద రంగు జెల్‌ను పట్టీలు పట్టీలుగా పూశాను. ఏ వైపు నుంచి దీపం పడినా దొరకాలని పట్టీల మధ్య చుక్కల పుల్లతో దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టాను. మధ్యలో ఒకసారి ఆవు తల విదిలించి మా ఆయన చొక్కా మీద గీత పెట్టింది. అది ఇప్పటికీ పోలేదు. పై పూత కూడా గట్టిపడేసరికి నా మెడ పట్టేసింది. అయినా అంత ఓపికగా వేయించుకున్న మనిషి నాకు ఇంతవరకు దొరకలేదు.

మసక చీకటి పడుతుండగా మా ఆయన బండిని రోడ్డు దాకా తీసుకెళ్ళి, వెనక్కి తిప్పి లైటు వేశారు. రెండు కొమ్ములూ మొదలు దగ్గర తప్ప చివరి దాకా వెలిగాయి. ఆవు కనిపించలేదు, కొమ్ములే కనిపించాయి. పాలామె ఆవు నుదుటి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

కాని నాకు నమ్మకం లేదు. మర్నాటి నుంచి మళ్ళీ పాలామె పాలే. రోజూ ఆమె తెచ్చినప్పుడు ముందు కొమ్ముల సంగతే అడిగేదాన్ని. ఉంది దీదీ, అనేది. చెట్టుకు రాసుకుంటోంది దీదీ, కొంచెం గీసుకుపోయింది, అనేది. వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. పేనిన కొత్త పలుపు కూడా ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదు. రంగు మెరిస్తే సరిపోదు, బండివాడు చూడాలి. చూసినా ఆపగలగాలి.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. జోరు వాన. పాలామె కాన్ లేకుండా, తడిసి ముద్దయి గేటు తోసుకుని వచ్చింది.

“తెంపుకుపోయింది దీదీ. ఇంటి దగ్గర లేదు.”

ఆమె మాట పూర్తికాక ముందే మలుపు వైపు నుంచి టిప్పర్ బ్రేకు చప్పుడు వినిపించింది. చాలా పొడుగ్గా, ఈడ్చుకుంటూ వచ్చి ఆగిపోయింది. ఆగాక ఇంకే చప్పుడూ లేదు. పాలామె చెయ్యి పట్టుకుని లాగాను. ఇద్దరం పరిగెత్తాం. నా చెప్పు ఒకటి దారిలో పోయింది.

టిప్పర్ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. లైట్ల ముందు వాన గీతలు, ఆ గీతల అవతల రెండు తెల్లటి కొమ్ములు. ఎర్రావు కాళ్ళు మడిచి కూర్చుని నెమరు వేస్తోంది. డ్రైవర్ కిందికి దిగి, తడుస్తూ, బానెట్‌కు ఆనుకుని ఉన్నాడు. నా నోట తెలుగు విని అతనూ తెలుగులోనే మాట్లాడాడు. మా భద్రాచలం వైపు మనిషి.

“ఏందమ్మా ఇది, మీదేనా? మలుపు తిరగంగనే రోడ్డు మీద రెండు కట్టెలు మండుతున్నట్టు కనబడ్డయి. వానల కట్టెలెట్ల మండుతయని బ్రేకు తొక్కిన. తొక్కినంక గాని ఆవని తెల్వలే.” చేతులు ముఖం మీద రుద్దుకున్నాడు. “ఇంకో ఆవును గుద్దిన్నంటే ఈ పని ఇడిచిపెట్టేటోణ్ణి.”

పాలామె ఆవు పక్కన రోడ్డు మీదే కూర్చుంది. దాని పొట్ట రెండు చేతులతో తడిమి చూసింది. తర్వాత నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. ముందు ఆవు ఊపిరే తెలిసింది. కాసేపటికి లోపల నుంచి ఏదో నా అరచేతిని తన్నింది. నేనూ కూర్చుండిపోయాను.

ఆవు లేవలేదు. వెనక టిప్పర్లు వరస కట్టాయి, హారన్లు మొదలయ్యాయి. డ్రైవర్ వెళ్ళి వాళ్ళందరినీ కసిరాడు. “కడుపుతోటి ఉన్నది. దానికి బుద్ధి పుట్టినప్పుడు లేస్తది, కూసోండి,” అన్నాడు. మామూలుగా ఎవరైనా నన్ను వానలో నిలబెట్టి ఉంటే ఊరుకునేదాన్ని కాదు. ఆరోజు అది లేచేదాకా హాయిగా తడిశాను.

మరుసటి వారం నుంచి మా గేటు ముందు ఆవులు నిలబడడం మొదలైంది. పల్లె నుంచి తోలుకొచ్చేవాళ్ళు కొమ్ములు ముందే తోముకుని వచ్చేవారు. మెరిసే డబ్బా త్వరగానే అయిపోయింది. మామూలు తళుకు రంగులు కలిపి చూశాను గాని దీపానికి అవి పలకలేదు. జగదల్‌పూర్ దుకాణానికి చెప్పి తెప్పిస్తే గులాబీ రంగు పంపించాడు. తిప్పి పంపాను, తిప్పి పంపినందుకు విసుక్కున్నాడు, ఆ విసుగు గుర్తుంది. చివరికి సరైనదే వచ్చింది. స్టిక్కర్లు, రాళ్ళు మాత్రం ఆవులకు పనికిరావు. అవి పల్లె ఆడపిల్లలు పంచుకున్నారు. ఎదురింటావిడ తమ కుక్క మెడ పట్టీకి మెరిసేది కొంచెం పూయమని అడిగింది. తీరిక లేదన్నాను. తీరిక ఉంది. వారం ఆగాక పూసిచ్చాను.

ఎర్రావు వానలు తగ్గే రోజుల్లో ఈనింది. పెయ్యదూడే. పాలామె జున్నుపాలు తెచ్చి గట్టు మీద పెట్టి, ఆవును ఇక రోడ్డెక్కనివ్వనని, దూడ దగ్గరే ఉంటుందని గట్టిగా చెప్పింది. నేనూ నమ్మాను. ఆ సాయంత్రం కూరగాయలకు వెళుతూ మలుపులో చూస్తే ఎర్రావు తన చోట్లో తాను కూర్చుని ఉంది. పక్కన దూడ, ఎటో చూస్తూ. టిప్పర్ ఒకటి దూరం నుంచే వేగం తగ్గించి, వాటిని చుట్టి నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా వినని దాన్ని చూసి నాకెందుకో కోపం రాలేదు. ఆవును రోడ్డు అంచు దాకా తోలి, దూడను పాలామె వచ్చేదాకా పట్టుకుని నిలబడ్డాను.